గొంతు క్యాన్సర్ తిరగబెట్టినవారి ఆయాసం ఆస్తమా కాదు

ఎడిటర్ గారికి,

గొంతు క్యాన్సర్‌కు రేడియేషన్ అయిపోయి, ఏడాదో రెండేళ్లో బాగానే ఉన్నవారికి మళ్లీ ఆయాసం మొదలైతే ముందు ఇన్‌హేలర్ చేతికిచ్చి పంపేస్తున్నారు. అది పొరపాటు. ఆస్తమాలో పిల్లికూతలు ఎక్కువగా ఊపిరి వదిలేటప్పుడు వస్తాయి. స్వరపేటిక దగ్గర గడ్డ తిరిగి పెరిగితే ఊపిరి పీల్చేటప్పుడు కీచుమంటుంది, స్టెతస్కోపు లేకుండానే వినపడుతుంది. శ్వాసనాళం దారి 8 మిల్లీమీటర్ల లోపుకు తగ్గితే నడిచినప్పుడు ఆయాసం, 5 లోపుకు తగ్గితే కూర్చున్నా ఆయాసమే. అప్పటికీ ఆక్సీమీటరు 96, 97 చూపించవచ్చు. ఆ అంకెను నమ్మి తెల్లవారేదాకా ఆగవద్దు.

కుప్పం, పలమనేరు నుంచి తిరుపతికి తెచ్చేటప్పుడు దారి పొడవునా కూర్చోబెట్టే తీసుకురావాలి. స్కానింగ్ కోసమని నిద్రమందు ఇచ్చి వెల్లకిలా పడుకోబెడితే మిగిలిన కాస్త సందూ మూసుకుపోతుంది. ఆక్సిజన్, నరానికి డెక్సామెథాసోన్, అడ్రినలిన్ నెబ్యులైజేషన్ వాపును తగ్గించి కొన్ని గంటల వ్యవధి ఇస్తాయి, గడ్డను కరిగించవు. ఆలోగా అడ్డు ఎక్కడుందో తేల్చాలి. స్వరపేటిక దగ్గరైతే మనిషి మెలకువగా ఉండగానే మెడకు మత్తు సూది వేసి ట్రకియాస్టమీ (మెడ ముందు శ్వాసనాళానికి రంధ్రం చేసి ట్యూబు పెట్టడం) చేయవచ్చు. అడ్డు ఛాతీలో ఉంటే ట్యూబు గడ్డకు పైనే ఆగిపోతుంది, ఫలితం ఉండదు. అక్కడ రిజిడ్ బ్రాంకోస్కోపీతో, అంటే నోటి గుండా శ్వాసనాళంలోకి గట్టి గొట్టం దించి, గడ్డను తొలవాలి. కరెంటుతోనో లేజర్‌తోనో కాల్చేటప్పుడు ఆక్సిజన్‌ను 40 శాతం లోపే ఉంచాలి, లేకుంటే శ్వాసనాళంలోనే మంట లేస్తుంది. గడ్డ బయటి నుంచి నొక్కుతుంటే తొలవడానికేమీ ఉండదు, దారిని తెరిచి ఉంచే గొట్టం, అంటే స్టెంట్, పెట్టాల్సిందే. దానిలో కఫం ఎండి పేరుకుంటుంది కనుక ఇంటికెళ్లాక సెలైన్ నెబ్యులైజేషన్ మానకూడదు.

అన్నిటికంటే మమ్మల్ని కలవరపెట్టేది ఇది. స్వరపేటిక పూర్తిగా తీసేసినవారికి నోటికీ ముక్కుకూ ఊపిరితిత్తులతో సంబంధమే ఉండదు. ముఖానికి మాస్కు పెడితే ఆక్సిజన్ ఏమాత్రం లోపలికి పోదు. మెడ మీది రంధ్రానికే పెట్టాలి. ఆ రంధ్రం అంచునే గడ్డ తిరిగి లేవడమూ ఉంది. ఆసుపత్రులు డిశ్చార్జి కాగితం పైన ‘శ్వాస మెడ నుంచే’ అని పెద్ద అక్షరాలతో తెలుగులో రాసివ్వాలని, 108 సిబ్బందికి శిక్షణలో ఈ తేడా చూపించాలని కోరుతున్నాం.

– గొంతు క్యాన్సర్ రోగులకు చికిత్స చేసే వైద్యులు, నర్సులు, తిరుపతి