ఆ నివేదిక పార్లమెంటు ముందుకు రావాలి

సంపాదకులకు,

వడ్డీ రేట్లు ఎంత ఉండాలో రిజర్వ్ బ్యాంకును ప్రభుత్వం శాసించకూడదు, సరే. కానీ ద్రవ్యోల్బణాన్ని, అంటే ధరల పెరుగుదలను, అదుపులో ఉంచాలన్న గురి తప్పితే ఆ బ్యాంకు సంజాయిషీ చట్టసభకు చెప్పాలి కదా! అమెరికాలో కేంద్ర బ్యాంకైన ఫెడ్ చైర్మన్ ఏటా రెండుసార్లు కాంగ్రెస్ కమిటీల ముందు కూర్చుంటారు. బ్రిటన్‌లోనైతే కేంద్ర బ్యాంకు గవర్నర్ ఆర్థికమంత్రికి రాసే సంజాయిషీ లేఖను ఎవరైనా చదవచ్చు. మన దగ్గర 2022లో ద్రవ్యోల్బణం వరుసగా మూడు త్రైమాసికాలు గరిష్ఠ పరిమితి అయిన 6 శాతం దాటింది. గురి ఎందుకు తప్పిందో చట్టప్రకారం రిజర్వ్ బ్యాంకు కేంద్రానికి నివేదిక ఇచ్చింది. దాన్ని బయటపెట్టే వీలు చట్టంలో లేదని పార్లమెంటుకే జవాబొచ్చింది! వడ్డీ రేట్లు పెంచడంతో ఈఎంఐలు పెరిగి టెన్షన్ పడినవాళ్లకు కారణం తెలియనక్కర్లేదా? పార్లమెంటు స్థాయీ సంఘం రిజర్వ్ బ్యాంకు గవర్నర్‌ను పిలుస్తుంది, అదీ తలుపులు మూసుకునే. ఆ నివేదికను ఉభయసభల ముందుంచాలని రిజర్వ్ బ్యాంకు చట్టం 45 జెడ్ఎన్ సెక్షన్‌లో ఒక్క వాక్యం చేరిస్తే చాలు.

— ఒక పాఠకుడు