అల బాగుండాలంటే బరువు పెంచడమొక్కటే మార్గం కాదు

సంపాదకులకు నమస్కారం.

గత నెల మీ ఆదివారం సంచికలో అమెరికా తెలుగువారి వేసవి సరదాల గురించి వచ్చిన వ్యాసంలో వేక్‌సర్ఫింగ్ ప్రస్తావన చూసి సంతోషించాను. బోటు వెనుక లేచే అల మీద మొదట తాడు పట్టుకుని నిలబడి, నిలదొక్కుకున్నాక తాడు వదిలేసి, ఆ అల తోపుతోనే పలక మీద సాగిపోయే ఈ ఆట ఇక్కడి మన పిల్లలకు బాగా దగ్గరైంది. అయితే బోటులో బరువు కోసం అమర్చిన తొట్లనిండా నీళ్లు నింపి, వీలైనంతమందిని వెనుక కూర్చోబెడితే అల దానంతట అదే పెద్దదవుతుందన్న సలహా ఒకటి ఆ వ్యాసంలో ఉంది. పదకొండేళ్లుగా టెక్సాస్‌లోని ట్రావిస్ సరస్సులో సొంత బోటు నడుపుతున్నవాడిగా ఆ సలహా అరకొరదని, కొన్ని సందర్భాల్లో ప్రమాదకరమైనదని చెప్పక తప్పదు.

బోటు తన బరువుకు సరిపడా నీటిని పక్కలకు నెట్టుకుంటూ పోతుంది. వెనుక ఏర్పడిన గుంటలోకి ఆ నీరు రెండు పక్కల నుంచీ పరుగెత్తుకొచ్చి కలుసుకున్నప్పుడు అల లేస్తుంది. రెండు వైపులా నీరు ఒకే సమయానికి వచ్చి ఢీకొంటే మిగిలేది నురగే కాబట్టి, ఒక పక్క నీటిని కొంచెం ఆలస్యం చేసి రెండో పక్క అలను నునుపుగా నిలబెట్టడమే ఈ సర్దుబాటు అంతటి ఉద్దేశం. కొత్త బోట్లలో ఆ పనిని వెనుక అంచున బిగించిన రేకులు చేస్తాయి. ఎడమ పక్క అల కావాలంటే కుడి పక్క రేకు తెరుచుకుంటుంది. మాలాంటి పాత బోట్లలో రేకులుండవు గనుక, ఆట ఏ పక్క సాగుతుందో ఆ పక్కకు బరువు చేర్చి బోటును కొద్దిగా వాల్చాలి. ఎడమ కాలు ముందు పెట్టి నిలబడేవారు అలకు ఎదురుగా ఉంటారు కాబట్టి వారికి ఎడమ పక్క అల, కుడి కాలు ముందు పెట్టేవారికి కుడి పక్క అల అనువుగా ఉంటాయి.

ఎంత బరువు అన్నదానికంటే ఎక్కడ బరువు అన్నదే ముఖ్యం. ఎడ్లబండి తోలినవారికి ఇది వివరించనక్కరలేదు. ముందు బరువెక్కితే కాడి ఎద్దుల మెడల మీద పడుతుంది, వెనుక బరువెక్కితే కాడి పైకి లేస్తుంది, అందుకే ధాన్యం బస్తాలు వేసేటప్పుడు మా నాన్నగారు ప్రతి బస్తానూ ఇరుసును చూసుకుని పెట్టించేవారు. బోటు కూడా అంతే. వెనుక బరువు పెరిగితే అల ఎత్తుగా, నిటారుగా లేస్తుంది కానీ పొట్టిగా ఉండి బోటు వెన్నంటే ముగిసిపోతుంది. ముందు కొంత బరువు చేరిస్తే అల ఎత్తు కొద్దిగా తగ్గినా వెనక్కి పొడుగ్గా సాగుతుంది, ఆడేవారికి నిలదొక్కుకునే చోటు దొరుకుతుంది.

ఈ జూన్‌లో ఒక ఉదయం మా అమ్మాయికి అల సరిపోక మూడుసార్లు పడిపోయింది. ఎడమ తొట్టి నిండుగా, కుడి తొట్టి ఖాళీగా, వేగం గంటకు 10.4 మైళ్లుగా ఉంది. అల నడుము ఎత్తున లేచింది గానీ దాని కొస తెల్లగా విరిగిపోతోంది. బరువు కోసం వెనుక పెట్టిన రెండు సీసపు (లెడ్) సంచులను మా బావమరిది చేత ముందుకు మార్పించి, మరే మార్పూ చేయకుండా ఒక నిమిషం చూశాం. అల పొడుగైంది, నురగ మాత్రం తగ్గలేదు. అప్పుడు వేగాన్ని 10.9కి పెంచితే అల ముఖం అద్దంలా తేరింది, అమ్మాయి తాడును బోటులోకి విసిరేసింది. అంతలో బావమరిది మంచినీళ్ల సీసా కోసం ఎడమ పక్క నుంచి కుడి పక్కకు వెళ్లి మంచు పెట్టె మూత తీశాడు, అంతే, ఆ అల మా కళ్లముందే కుంగిపోయింది. ఎనభై కిలోల మనిషి నాలుగడుగులు కదిలితే జరిగిన తేడా అది. మార్పులు ఒక్కొక్కటిగా చేయాలని, చేసినదాన్ని కాగితం మీద రాసుకోవాలని, ఆట సాగుతుండగా ఎవరూ చోటు మారకూడదని నేను పట్టుబట్టేది అందుకే. ఈ ఆటకు వేగం సాధారణంగా 10 నుంచి 12 మైళ్ల మధ్య, అంటే సుమారు 16 నుంచి 19 కిలోమీటర్ల మధ్య ఉంటుంది. ఆ కొద్దిపాటి పరిధిలోనే అర మైలు తేడా అల రూపాన్ని మార్చేస్తుంది. ఇదే అమరికతో లోతు తక్కువ ఉన్న పాయలోకి వెళితే అల చప్పబడిపోతుందన్నది కూడా అనుభవం మీద తెలుసుకున్నాను.

ఇక ప్రమాదం సంగతి. మూడేళ్ల కిందట బంధువులు వచ్చినప్పుడు, అల పొడుగు కావాలని ముందు భాగంలో నలుగురు పెద్దవాళ్లను, ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టాను. తొట్లు అప్పటికే నిండి ఉన్నాయి. పలక మీది కుర్రవాడు పడిపోగానే తొందరపడి వేగం ఒక్కసారిగా తగ్గించి బోటు తిప్పాను. మా వెనుక వస్తున్న మా అలే మమ్మల్ని అందుకుంది, బోటు ముక్కు నీటిలోకి దిగింది, చీలమండలు మునిగేంత నీరు ఒక్క క్షణంలో లోపలికి వచ్చింది. పులిహోర డబ్బా, మా వదినగారి చిన్నబాబు చెప్పు ఒకటి ఆ నీటిలో తేలుతుండగా ఆమె బాబును రెండు చేతులా పైకెత్తి పట్టుకున్న దృశ్యం నన్ను ఇప్పటికీ వదల్లేదు. అందరికీ రక్షణ జాకెట్లు ఉన్నాయి, నీరు తోడే పంపు పనిచేసింది, ఎవరికీ ఏమీ కాలేదు. తప్పు పూర్తిగా నాదే. బోటులో అతికించిన ఫలకం మీద ఎంతమంది ఎక్కవచ్చో, ఎంత బరువు మోయవచ్చో రాసి ఉంటుంది. పైనుంచి తెచ్చి వేసే నీటి సంచులు, సీసపు సంచులు ఆ లెక్కలోకే వస్తాయి. ఒక లీటరు నీరంటే ఒక కిలో అన్న చిన్న లెక్కను ఆ రోజు నేను వేసుకోలేదు.

బోటు ఏ రకమో చూడకుండా ఈ ఆటకు దిగడం అంతకంటే ఘోరం. వెనుక వేలాడే ఇంజిన్ ఉన్న బోట్లలో ప్రొపెల్లర్ ఆడేవారికి అతి దగ్గరలో తిరుగుతుంటుంది, ఆ బోట్ల వెనుక వేక్‌సర్ఫింగ్ ఎన్నడూ చేయకూడదు. ప్రొపెల్లర్ బోటు అడుగున, వెనుక అంచుకు బాగా ముందుగా ఉండే బోట్లు దీనికి తగినవి. వాటిలో కూడా వెనుక మెట్టు మీద కూర్చోనివ్వకూడదు, ఎందుకంటే ఇంజిన్ నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ అక్కడే చేరుతుంది, దానికి వాసన ఉండదు.

పెద్ద అల మనకు ఆనందమే గానీ ఒడ్డున ఉన్నవారికి కాదు. అల ఎత్తు రెట్టింపైతే అది మోసుకెళ్లే శక్తి నాలుగు రెట్లవుతుంది. సాధారణ బోటు అల 200 అడుగుల దూరంలో ఎంత ఉంటుందో, వేక్‌సర్ఫ్ బోటు అల ఆ స్థాయికి తగ్గడానికి 500 అడుగులకు పైగా దూరం కావాలని మిన్నెసోటా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2022లో తేల్చారు. వెర్మాంట్ రాష్ట్రం 2024 నుంచి ఈ ఆటకు ఒడ్డు నుంచి కనీసం 500 అడుగుల దూరం, కనీసం 20 అడుగుల లోతు ఉండాలని నిబంధన పెట్టింది. మా దగ్గర అంత కచ్చితమైన నియమం ఉన్నా లేకపోయినా నేను ఆ రెండు అంకెలనే పాటిస్తున్నాను, లోతున్నచోట అల కూడా బాగా నిలుస్తుంది గనుక ఇందులో మనం పోగొట్టుకునేది ఏమీ లేదు. ట్రావిస్ సరస్సు ఒడ్డున కట్టిన తేలే రేవుల మీద పిల్లలు కాళ్లు నీళ్లలో పెట్టుకుని కూర్చుంటారు, మన అల వారి మోకాళ్లను ఇనుప చట్రాలకు కొడుతుంది.

చివరిగా తొట్లలోని నీటి గురించి. జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్ప జాతి ఈ సరస్సులో 2017లో బయటపడింది. వాటి పిల్లలు కంటికి కనిపించవు, తొట్టి అడుగున మిగిలిన చెంబెడు నీటిలో కూడా మరో సరస్సుకు ప్రయాణించగలవు. అందుకే ఒడ్డెక్కగానే తొట్లు, పంపులు, గొట్టాలు అన్నీ ఖాళీ చేసి ఆరబెట్టాలి. టెక్సాస్ చట్టం కూడా బోటులోని నీటిని తీసేయమనే చెబుతుంది.

మీ పత్రికను ఇక్కడ వందలాది కుటుంబాలు చదువుతాయి. వారిలో చాలామంది ఒక పూటకు బోటు అద్దెకు తీసుకుని, దాన్ని గురించి ఏమీ తెలియకుండానే పిల్లలను ఎక్కించుకునేవారు. వచ్చే వేసవిలోగా ఈ విషయం మీద మళ్లీ రాయించేటట్లయితే అల ఫొటో పక్కనే ఒడ్డు నుంచి దూరం, నీటి లోతు, బోటు మోయగల బరువు ఈ మూడింటినీ పెద్ద అక్షరాల్లో వేయించమని కోరుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు,
ఆస్టిన్, టెక్సాస్