బొమ్మసంద్రకి ఒకసారి వెళ్లి రా

కంపాలా, ఉగాండా,
ఆదివారం

అమ్మకు,

నమస్కారాలు. మేమిక్కడ క్షేమం. నీ మోకాళ్ల నొప్పి తగ్గిందని అక్క చెప్పింది. నమ్మాలో వద్దో తెలియలేదు, నొప్పిగా ఉందని నువ్వు ఎప్పుడు చెప్పావు గనక! ఫోన్‌లో నీకు సగం వినపడదు, మిగతా సగం అక్క నోట్లోంచి నీ దగ్గరికి వచ్చేసరికి వేరే కథ అవుతుంది. అందుకే కూర్చుని రాస్తున్నా. ఈ ఉత్తరం తెచ్చిచ్చే అబ్బాయి మా ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాడు, నెల్లూరువాడు, సెలవు మీద వస్తున్నాడు. ఇక్కడి కాఫీ పొడి కూడా పంపాను. అందులో చికోరీ లేదు. నీకు నచ్చకపోతే బావకిచ్చెయ్.

ఆ అబ్బాయితో పాటే ఒక తల్లీ, నాలుగేళ్ల కొడుకూ బెంగళూరు వస్తున్నారు. పిల్లాడికి అక్కడి బొమ్మసంద్రలో గుండె ఆపరేషన్. పోయినసారి ఈ సంగతి చెబితే, "మన దగ్గర గుండెజబ్బు పిల్లలు లేరనా, అక్కడివాళ్ల కోసం చందాలు వేసుకుంటున్నారు?" అన్నావు. కోపంతో అనలేదని తెలుసు. కానీ అది అడగాల్సిన ప్రశ్నే. జవాబు మాత్రం ఫోన్‌లో ఒక్క ముక్కలో చెప్పేది కాదు.

మన దగ్గరా ఉన్నారమ్మా. ఎక్కడైనా సరే, పుట్టే ప్రతి వెయ్యి మందిలో ఎనిమిది తొమ్మిది మంది గుండెలో ఏదో ఒక లోపంతోనే పుడతారు. మదనపల్లె అయినా, కంపాలా అయినా లెక్క ఇంచుమించు అంతే. తేడా అంతా ఆ తర్వాతే. మన వీధి చివర కుట్టుమిషన్ ఆవిడ మనవరాలు గుర్తుందా? గుండెకి చిల్లుందన్నారని ఇల్లంతా ఏడుపులు. తెల్లకార్డు పట్టుకుని తిరుపతి వెళ్లారు, ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ అయింది, పిల్ల ఇప్పుడు సైకిల్ తొక్కుకుంటూ స్కూలుకి పోతోంది. 2007లో ఆ పథకం మొదలుపెట్టిన మొదటి మూడు జిల్లాల్లో మన పక్క అనంతపురం ఒకటి. పథకం సంగతి అలా ఉంచు, పుట్టపర్తి హాస్పిటల్లో 1991 నుంచీ, మీ వైట్‌ఫీల్డ్‌లో 2001 నుంచీ డబ్బు తీసుకోకుండానే గుండె ఆపరేషన్లు చేస్తున్నారు. మనవాళ్లకి కష్టాలు లేవని కాదు. అడగడానికి ఒక తలుపైనా ఉంది.

ఇక్కడ ములాగోలో ఉగాండా హార్ట్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. డాక్టర్లు చాలా మంచివాళ్లు, గుండె తెరిచి చేసే ఆపరేషన్లు వాళ్లూ చేస్తారు. కానీ నాలుగున్నర కోట్ల జనానికి, చిన్నపిల్లల గుండె కోయగల సర్జన్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. ఐసీయూ మంచాలు తక్కువ. లైన్‌లో పేరు రాయించుకున్నా డబ్బు కట్టాలి, ఆ డబ్బు బోడా నడిపేవాడి దగ్గర ఉండదు. బోడా అంటే ఇక్కడి బైక్ టాక్సీ. ఈ పిల్లాడి తండ్రి చేసేది అదే పని.

వాణ్ణి నేను మొదట చూసింది ఊరి బయట చర్చి వరండాలో. ఒక డాక్టరమ్మ గుండె స్కాన్ చేసే ఎకో మిషన్ పెట్టుకుని పిల్లల్ని చూస్తోంది, నేను పేర్లు రాసుకుంటున్నా. వీడు బంతి వెనక పరిగెత్తాడు. నాలుగడుగులు వేశాడో లేదో ఆగి, గొంతుక్కూర్చున్నాడు. పెదాలు నేరేడుపళ్లు తిన్నట్టున్నాయి. కాసేపు అలాగే కూర్చుని, లేచి మళ్లీ బంతి వెనకే. వాడికెవరూ నేర్పలేదు. గొంతుక్కూర్చుంటే కాళ్ల వైపు పోయే రక్తానికి అడ్డు పడి, ఊపిరితిత్తుల వైపు కాస్త ఎక్కువ వెళ్తుందట. ఈ జబ్బున్న పిల్లలు తమంతట తామే అది కనిపెట్టుకుంటారని డాక్టరమ్మ చెప్పింది. వాళ్లమ్మ మాత్రం పిల్లాడు బద్ధకస్తుడనుకుంది పాపం.

దాని పేరు టెట్రాలజీ ఆఫ్ ఫాలో. 1888లో ఫాలో అనే ఫ్రెంచి డాక్టరు వివరంగా రాశాడు కాబట్టి ఆయన పేరే పెట్టారు. లోపాలు నాలుగు. కింది గదుల మధ్య గోడకి చిల్లు, ఊపిరితిత్తులకి రక్తం వెళ్లే దారి ఇరుకు, పెద్ద రక్తనాళం సరిగ్గా చిల్లు మీదికి జరిగి ఉండటం, కుడివైపు కండరం మందం కావడం. దాంతో చెడు రక్తం శుభ్రపడకుండానే ఒళ్లంతా తిరుగుతుంది. కరోనా అప్పుడు ఒంట్లో ఆక్సిజన్ చూడటానికి బావ కొన్న వేలి క్లిప్పు ఉంది చూడు, అది మనకి 97, 98 చూపిస్తుంది. వీడికి 74. అది చూసి నాకు చెమటలు పట్టాయి, డాక్టరమ్మ మాత్రం "ఇంకా తక్కువ ఉన్నవాళ్లని చూశాను" అంది.

ఆపరేషన్‌లో చిల్లుకి అతుకు వేసి, ఇరుకు దారిని వెడల్పు చేస్తారు. అంతసేపూ గుండె పని మిషన్ చేస్తుంది. బెంగళూరులో ఇలాంటివి రోజూ జరిగేవే. అక్కడికి చేర్చడమే మా పని, అమ్మా. సగం టెన్షన్ అంతా అందులోనే.

మొదట పళ్లు. నువ్వు నవ్వుతావు, గుండెకీ పళ్లకీ ఏం సంబంధమని. పుచ్చిన పన్ను నుంచి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్లి గుండెలో అంటుకుంటే ప్రాణం మీదికొస్తుంది, అందుకని నోరు బాగు చేయించందే ఆపరేషన్‌కి తీసుకోరు. ఇక్కడి పిల్లలు పొద్దస్తమానం చెరుకు ముక్కలు నములుతారు. వీడికి రెండు దవడ పళ్లు పీకించాల్సి వచ్చింది. తర్వాత పసుపు జ్వరం టీకా. ఉగాండా నుంచి వచ్చేవాళ్లు ఆ టీకా పుస్తకం చూపించాలి, అదీ విమానం ఎక్కే పది రోజుల ముందే వేయించుకుని ఉండాలి. లేకపోతే మన దేశంలో దిగగానే ఆరు రోజుల దాకా విడిగా ఉంచేస్తారు. పిల్లాడికి మెడికల్ వీసా, తల్లికి తోడు వచ్చేవాళ్ల వీసా. పాస్‌పోర్టుకి పుట్టిన సర్టిఫికెట్ కావాలి, అది ఉన్న పిల్లలు పల్లెల్లో తక్కువ. చర్చి ఫాదర్ రాసిన బాప్తిస్మం కాగితం పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగడం ఒక కథ, అది ఇంకోసారి.

చివర్లో విమానం. పైకి వెళ్లాక లోపల గాలి దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచబడుతుంది, అంటే ఊటీ కంటే ఎత్తు. మనకి తెలియదు, 74 ఉన్నవాడికి తెలుస్తుంది. అందుకని డాక్టరు ఫారం నింపి, సీటు దగ్గర ఆక్సిజన్ ఏర్పాటు చేయించాలి. నీళ్లు మాటిమాటికీ తాగించాలి, వీళ్ల రక్తం చిక్కగా ఉంటుంది. అందుకే నెల్లూరు అబ్బాయి సెలవు ఆ తేదీకి మార్పించాం. వాడు గొణుక్కుంటూనే ఒప్పుకున్నాడు, పెళ్లిచూపులున్నాయట.

ఇదంతా ఎందుకంత తొందర అంటావేమో. అదే చర్చి వరండాలో పదకొండేళ్ల అమ్మాయి కూడా వచ్చింది. స్కూల్లో ఫస్టు. నీలి ఫ్రాక్ వేసుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆ వేళ్ల కొసలు ఉబ్బి గుండ్రంగా ఉన్నాయి. గుండె గోడలో పెద్ద చిల్లు. అది నీకు చెప్పిన కుట్టుమిషన్ ఆవిడ మనవరాలికి ఉన్నదే, ఆ నాలుగు లోపాల జబ్బు కంటే సులువైనది. కానీ పెద్ద చిల్లుని మొదటి ఏడాదిలోనే మూసేయాలి. మూయకపోతే ఊపిరితిత్తుల్లోకి రక్తం జోరుగా పోయి పోయి, అక్కడి నాళాలు గట్టిపడిపోతాయి. ఆ దశ దాటాక చిల్లు మూస్తే మనిషే దక్కదు. డాక్టరమ్మ చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత జెల్ తుడిచి, ఆ పిల్ల ఫ్రాక్ బొత్తాలు తనే పెట్టింది. తల్లితో లుగాండాలో మెల్లగా మాట్లాడింది. నేను నా పుస్తకంలో ఆ పేరు పక్కన "మందులు" అని రాశాను. ఆ అమ్మాయికి చెయ్యగలిగింది అంతే.

బెంగళూరు పంపిన పిల్లల ఫోటోలు మా తెలుగువాళ్ల ఉగాది సభలో తెర మీద వేస్తారు. పెద్ద అట్ట చెక్కు పట్టుకుని నవ్వుతూ ఫోటో, శాలువాలు. నాకు ఒళ్లు మండుతుంది. చందా ఇచ్చినవాళ్లకి లెక్క చూపించాలి, కాదనను. కానీ ఒక పిల్లాణ్ణి విమానంలో పంపిన ఖర్చుతో, ఇక్కడి నర్సుల్లో ఒకరిని పిల్లల ఐసీయూ పనిలో తయారుచేస్తే ఎంతమందికి పనికొస్తుందో కమిటీలో చెప్పి చూశాను. "ఫోటోలో ఏం కనపడుతుందమ్మా?" అన్నారొక పెద్దాయన. మంచాయనే, అందరికంటే ఎక్కువ ఇచ్చేది ఆయనే. రెండూ చేద్దాం అన్నాం చివరికి. ఎదురుగా బంతి వెనక పరిగెత్తేవాడు ఉన్నప్పుడు నర్సు ట్రైనింగ్ అయ్యేదాకా ఆగు నాయనా అనలేం కదా.

ఈ పని కొత్తదేం కాదు. 1975లో న్యూయార్క్ దగ్గరి రోటరీ క్లబ్ వాళ్లు ఒక అయిదేళ్ల పాపని తెప్పించుకుని గుండె ఆపరేషన్ చేయించారు. ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తున్న గిఫ్ట్ ఆఫ్ లైఫ్ సంస్థ అలా మొదలైంది. ఆ పాపది ఉగాండానే. అప్పటికి మూడేళ్ల ముందు, 1972లో, ఈ దేశం మనవాళ్లందర్నీ తొంభై రోజుల్లో పొమ్మంది. మా ఫ్యాక్టరీ ముసలి సేటు కుటుంబం అలా పోయి తిరిగొచ్చిందే, గుజరాతీవాళ్లు. ఈ పిల్లాడి టికెట్లు ఆయనే కొన్నాడు. ఎందుకని నేను అడగలేదు, ఆయనా చెప్పలేదు. నువ్వు కూడా ఒకప్పుడు టీవీ ముందు కూర్చుని చీర కొంగుతో కళ్లు తుడుచుకున్నావు, 2003లో లాహోర్ నుంచి బస్సులో ఢిల్లీకి వచ్చిన రెండున్నరేళ్ల పాప కోసం. ఆ పాపకి ఆపరేషన్ జరిగింది బొమ్మసంద్రలోనే, నారాయణ హృదయాలయలో. అప్పుడు నువ్వు పాకిస్తాన్ పిల్లకెందుకు అనలేదు.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ డాక్టర్లు చేస్తారు, డబ్బు మేం కట్టాం. లేనిది మనిషి. నెల్లూరు అబ్బాయి వాళ్లని చేర్చి ఊరికి వెళ్లిపోతాడు. ఆమె నెలకి పైగా అక్కడ ఉండాలి, అన్నీ సవ్యంగా జరిగితేనే ఆ మాట. గది హాస్పిటల్‌కి దగ్గర్లోనే ఇప్పించాం. చుట్టూ బెంగాలీ బోర్డులు, బెంగాలీ హోటళ్లు, ఎక్కడెక్కడి రోగులో. పిల్లాడు ఐసీయూలో ఉన్న రోజుల్లో ఆమె ఒక్కతే బయట బెంచీ మీద కూర్చోవాలి. మీ బీటీఎం లేఅవుట్‌లో ఎల్లో లైన్ మెట్రో ఎక్కితే బొమ్మసంద్ర దాకా మారే పని లేదు, లిఫ్టులున్నాయి, నీ మోకాళ్లకి ఇబ్బంది ఉండదు. అక్కని తోడు తీసుకో. వారానికి ఒకటి రెండుసార్లు వెళ్లి కూర్చుంటే చాలు.

ఆమెకి ఇంగ్లీషు కొద్దిగా వచ్చు, నీకు అంతకంటే కొద్దిగా వచ్చు, సరిపోతుంది. నిన్ను చూడగానే మోకాళ్ల మీద కూర్చుని పలకరిస్తుంది, కంగారుపడి లేపకు. ఇక్కడ ఆడవాళ్లు పెద్దవాళ్లకి అలాగే దండం పెడతారు. తిండికి వీళ్లది పోషో అని, మన సంగటే, రాగికి బదులు తెల్ల మొక్కజొన్న పిండి. చెనక్కాయలు నూరి పులుసులా చేసుకుంటారు. నువ్వు చెనక్కాయల ఊరిబిండి చేస్తావు కదా, దాన్నే పలచగా, వేడిగా చేసి సంగటితో పట్టుకెళ్లు. కారం మాత్రం వెయ్యకు. నీ లెక్కలో "కొంచెం కారం" కూడా వద్దు. పిల్లాడికి ఏం పెట్టాలన్నా ముందు నర్సుని అడుగు, ఆపరేషన్ అయ్యాక నీళ్లు కూడా కొలిచే ఇస్తారు.

బావతో ఒక పని ఉంది. ఆపరేషన్‌కి వాడే రక్తానికి బదులు ఎవరైనా వచ్చి ఇస్తే మంచిది, పరాయి దేశం నుంచి వచ్చినదానికి చుట్టాలెక్కడ? మీ వీధిలో పీజీల నిండా మన కుర్రాళ్లే. పద్దెనిమిదేళ్లు నిండి, నలభై అయిదు కిలోలకి తగ్గకుండా ఉండి, ఈ మూడు నెలల్లో రక్తం ఇవ్వనివాళ్లు ఒక నలుగుర్ని మాట్లాడి పెట్టమను. ఏ గ్రూపైనా సరే. ఖాళీ కడుపుతో రావద్దని మరీ మరీ చెప్పమను, ఆదివారం పది దాటితే గానీ లేవరు వాళ్లు. తేదీ తెలియగానే అక్కకి మెసేజ్ పెడతాను.

మీ అల్లుడు నమస్కారాలు చెప్పమన్నారు. అక్క పిల్లలకి ముద్దులు.

ఇట్లు,
నీ చిన్నమ్మాయి