నీ కవితల్లో నువ్వు

ఒరేయ్ శీనూ,

నీ కవితల కట్ట అందింది. అన్నీ చదివాను, కొన్ని రెండోసారి కూడా. "ఎప్పుడూ నీ గోలేనా?" అని ఎవరో అన్నారని అంత టెన్షన్ పడ్డావేంట్రా! కవి తన గోల కాకపోతే పక్కింటివాడి గోల రాస్తాడా?

"నవ్విపోదురు గాక నాకేటి సిగ్గు" అన్నాడు కృష్ణశాస్త్రి. పొగరు కాదూ? పొగరే. ఆ పొగరు లేకపోతే ఆ గొంతు పెగిలేదే కాదు. శ్రీశ్రీ "నేను సైతం" అన్నప్పుడూ ముందున్నది నేనే, కాకపోతే దాన్ని ప్రపంచాగ్నిలో సమిధగా వేసేశాడు. కృష్ణశాస్త్రి బాధ ప్రపంచానికి బాధ, ప్రపంచం బాధంతా శ్రీశ్రీ బాధ అని చలం మహాప్రస్థానం ముందుమాటలో తేల్చేశాడు. బాగానే ఉంది గానీ, తన బాధ చెప్పుకున్నవాడు తక్కువవాడని నేనైతే ఒప్పుకోను.

అమెరికాలో వాల్ట్ విట్మన్ సంగతి విను. 1855లో మొదటి కవితల పుస్తకం వేసుకున్నప్పుడు టైటిల్ పేజీ మీద తన పేరు లేదు, ఎదురు పేజీలో తన బొమ్మ మాత్రమే. ఎంత వినయమో అనుకుంటాం. తీరా చూస్తే పేరు పద్యం మధ్యలో దర్జాగా కూర్చుంది! పైగా తన పుస్తకాన్ని తనే మెచ్చుకుంటూ, పేరు పెట్టకుండా సమీక్షలు రాసి పత్రికల్లో వేయించుకున్నాడు. (మన ఫేస్‌బుక్ కవులకి ఈ సంగతి చెప్పకు.)

నాకు మాత్రం శ్రీనాథుడి చాటువు ముందు ఇవన్నీ దిగదుడుపే. ప్రౌఢదేవరాయల సభలో కనకాభిషేకం చేయించుకున్న మనిషి. చివరికి శిస్తు కట్టలేక ఎర్రటి ఎండలో శిక్ష. అప్పుడు కూడా "కవిరాజు కంఠంబు కౌగిలించెను గదా పురవీధి నెదురెండ పొగడదండ" అంటాడు. మెడకి పడింది పొగడదండ అనే శిక్ష, నోటికొచ్చింది బిరుదు. ఆ తర్వాత వచ్చేది కవిత్వం కాదు, రైతు లెక్క: కృష్ణానది పట్టుకుపోయిందింత, నువ్వులూ పెసలూ పిట్టలు తినేశాయి, ఏడువందల టంకాలు ఎలా కట్టేది? తన గొప్పనీ తన అవస్థనీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. అది అహంకారమో, ఆత్మజ్ఞానమో నువ్వే చెప్పు.

మొన్న ఇక్కడ బాగ్‌లింగంపల్లిలో ఒక పుస్తకావిష్కరణకి వెళ్ళాను. కవిగారు శాలువా సర్దుకుంటూ, జనం వైపు కాకుండా వీడియో కెమెరా వైపు తిరిగి చదివారు. నేను కొండని, నేను ఉప్పెనని, నేను నిప్పుని. ఆయనకి ముందే తెలిసిన నేనే అదంతా. రాస్తూ రాస్తూ కొత్తగా తెలుసుకున్నదేం లేదు. నీ "నేను సముద్రాన్ని" కూడా ఆ బాపతే. కోప్పడకు, తీసెయ్.

కానీ మీ నాన్నగారి ఆపరేషన్ కవిత ఉంది చూడు! థియేటర్ బయట బెంచీ మీద కూర్చుని, ఏడుస్తూనే, ఇది కవితకి పనికొస్తుందని మనసులో లైన్లు అల్లుకున్నానని రాశావు. అబ్బ, ఒళ్ళు జలదరించిందిరా. అంత స్వార్థం నీలో ఉందని రాయకముందు నీకైనా తెలుసా? దాన్ని ఎవడేమన్నా కదపకు. చివర్లో "క్షమించు నాన్నా" అంటూ తగిలించిన మూడు లైన్లు మాత్రం కొట్టెయ్. అక్కడ మళ్ళీ నీ మంచితనం మాకు చూపించుకుంటున్నావు.

నీ,
రాము