బంగారానికి రాసుకున్న షరతులు కూలీకి ఎందుకు రాయలేదు?

అయ్యా,

బ్రిటన్‌తో 2025 జులై 24న మన దేశం సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో కార్మిక హక్కులకు ఒక అధ్యాయం ఉంది. దాన్ని ఉల్లంఘిస్తే వివాద పరిష్కార ప్రక్రియకు వెళ్లే వీలు లేదు. అయినా వ్యాపారం, కార్మికుడి హక్కు ఒకే పత్రంలో ఉండవచ్చునని మన ప్రభుత్వం అంగీకరించింది. మరి లక్షలాది మనవాళ్లు చెమటోడ్చే గల్ఫ్ దగ్గరికి వచ్చేసరికి ఆ అధ్యాయం ఏమైంది? 2022 మే 1 నుంచి అమలవుతున్న యూఏఈ ఒప్పందంలో బంగారం దిగుమతికి ఒక శాతం సుంకం తగ్గింపు, ఏటా 200 టన్నుల వరకు పెరిగే కోటా ఉన్నాయి. కార్మిక హక్కులకు ప్రత్యేక అధ్యాయం లేదు.

మా జగిత్యాల పల్లెల్లో ‘కఫీల్’ అంటే గల్ఫ్‌లో మనవాళ్ల వీసా, ఉద్యోగం తన చేతిలో ఉంచుకునే యజమాని అని చిన్నపిల్లలకూ తెలుసు. నా దగ్గర చదువుకున్న ఒక అబ్బాయి తండ్రి పోయినప్పుడు ఇంటికి రాలేకపోయాడు. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. దహనమంతా ఫోనులోనే చూశాడు. చితి ముందు ఆ ఫోను పట్టుకుని నిలబడింది నేనే.

గట్టిగా అడిగితే పనులు నేపాల్, బంగ్లాదేశ్ వాళ్లకు పోతాయని కొందరు భయపెడతారు. 2020 సెప్టెంబరులో కేంద్రం ఆ భయానికే లొంగి యూఏఈ, ఖతర్ వంటి దేశాలకు వెళ్లేవారి కనీస వేతనాన్ని నెలకు 200 డాలర్లకు దించింది. మన కూలీ ధరను మనమే తగ్గించుకున్నాం! గల్ఫ్ కార్మిక సంఘాలు ఆందోళనకు దిగి, తెలంగాణ హైకోర్టు దాకా వెళ్లాక 2021లో ఆ ఉత్తర్వులు వెనక్కి పోయాయి.

అడిగితే ఫలితం ఉంటుందనడానికి ఖతరే సాక్ష్యం. 2014లో అంతర్జాతీయ కార్మిక సంస్థకు ఫిర్యాదు వెళ్లింది. అక్కడ జరగబోయే ఫుట్‌బాల్ ప్రపంచకప్ కోసం లోకమంతా అటే చూసింది. చివరికి 2020లో, యజమాని అనుమతి లేకుండా ఉద్యోగం మారే హక్కును, 1000 రియాళ్ల కనీస వేతనాన్ని ఆ దేశం చట్టంలో పెట్టింది. అమలులో లోపాలున్నాయి, నిజమే. కానీ చట్టమే లేనప్పుడు మన మనిషి దేన్ని చూపించి నిలదీస్తాడు?

వాళ్ల దేశాన్ని ఎలా పాలించుకోవాలో మనం చెప్పనక్కరలేదు. పాస్‌పోర్టు కార్మికుడి చేతిలోనే ఉండాలి, జీతం నెలనెలా బ్యాంకులో పడాలి, ఇంట్లో చావు జరిగితే తిరిగి రానివ్వాలి. గల్ఫ్ దేశాలతో ఇకమీదట కుదిరే ప్రతి వాణిజ్య ఒప్పందంలోనూ ఈ మూడూ ఉండాలని మన ఎంపీలు పార్లమెంటులో పట్టుబట్టాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, జగిత్యాల జిల్లా