పీపీటీకి వాయిస్ రికార్డింగ్ రేటు పెంచినాం, ఎందుకో చదవండి

అందరికీ నమస్కారం. కర్నూలు బుధవారపేటలో మన జిరాక్స్, డీటీపీ, థీసిస్ బైండింగ్ షాపు తెలిసినవాళ్ల కోసం రాస్తున్నా, వాట్సాప్‌లో ఒక్కొక్కరికీ అదే జవాబు టైపు చేసి చేసి నా వల్ల కావట్లేదు. ఆన్‌లైన్ కాన్ఫరెన్సులకు పీపీటీ, అంటే పవర్‌పాయింట్ స్లైడ్ల మీద మీ వాయిస్ రికార్డు చేసి వీడియోగా ఇచ్చే పని చేస్తున్నాం కదా, దాని రేటు ఈ నెల నుంచి 800. పది నిమిషాల లోపు ప్రజెంటేషన్‌కు. ఇంతకుముందు 500 ఉండె. బటన్ నొక్కే పనికి 800 ఏందక్కా అని నిన్న ఒక సార్ నవ్వుతానే అడిగిపోయినాడు, అడగాల్సిన మాటే, అందుకే అంతా విప్పి చెప్తున్నా.

2020 లాక్‌డౌన్ ముందు ఈ పనే లేదు. మెడికల్ కాలేజీ పీజీలు పోస్టర్ ప్రింటుకు వస్తుంటిరి, వేయించుకొని చుట్ట చుట్టి హైదరాబాదుకో బెంగళూరుకో బస్సెక్కుతుంటిరి. లాక్‌డౌన్‌లో కాన్ఫరెన్సులన్నీ ఫోన్లలోకీ ల్యాప్‌టాపుల్లోకీ వచ్చేసినాయి, మీ స్లైడ్లకు మీరే మాట్లాడి ఎంపీ4 ఫైలు పంపండి అని మెయిళ్లు మొదలైనాయి. లాక్‌డౌన్ పోయింది గానీ ఆ మెయిళ్లు మాత్రం పూర్తిగా పోలేదు. నడిపేవాళ్లకు అదే సుఖం మరి, వీడియో ముందే చేతిలో ఉంటే ఎవరి నెట్ పోయినా ప్రోగ్రాం ఆగదు, ఎనిమిది నిమిషాలంటే ఎనిమిది నిమిషాలే, మైకు పట్టుకొని వదలని పెద్దాయన బెడద ఉండదు. ప్రశ్నలకు మాత్రం లైవ్‌లో కూర్చోవాలి. ఇప్పుడు డాక్టర్లే కాదు, రాయలసీమ యూనివర్సిటీ స్కాలర్లు, ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్లు, ఉర్దూ యూనివర్సిటీ వాళ్లు కూడా వస్తున్నారు.

ముందొక నిజం చెప్తా, మా ఆయనకు ఇది రాయడం ఇష్టం లేదు. ఈ పని మీరు ఇంట్లోనే రూపాయి ఖర్చు లేకుండా చేసుకోవచ్చు. పవర్‌పాయింట్‌లోనే రికార్డ్ స్లైడ్ షో అని ఉంటుంది, అది నొక్కి మాట్లాడుకుంటూ పోవడమే. మీ గొంతు ఏ స్లైడ్‌ది ఆ స్లైడ్‌కు విడిగా సేవ్ అవుతుంది, కాబట్టి ఏడో స్లైడ్‌లో తడబడితే ఏడో స్లైడ్ ఒక్కటే మళ్లీ చేసుకుంటే చాలు, మొదటి నుంచి పాడాల్సిన పని లేదు. అంతా అయినాక ఎక్స్‌పోర్ట్‌లోకి పోయి క్రియేట్ ఎ వీడియో కొట్టి, రికార్డు చేసిన టైమింగ్స్, వాయిస్ వాడమని పెట్టి 1080పీలో సేవ్ చేస్తే ఫైలు రెడీ. చాలామంది జూమ్‌లో ఒక్కరే మీటింగ్ పెట్టుకొని స్క్రీన్ షేర్ చేసి రికార్డు చేస్తారు, అదీ పనికొస్తుంది, మూలన మీ ముఖం కూడా పడుతుంది, కొన్ని కాన్ఫరెన్సులు ముఖం కనపడాలనే అడుగుతాయి. కాకపోతే జూమ్‌లో మొత్తం ఒకే రికార్డింగు, మధ్యలో తప్పు పోతే ఎడిటింగ్ తెలిసుండాలి, లేకుంటే మళ్లీ మొదటికే. ఇంకోటి, మీటింగ్ ఆపినాక అది వీడియోగా మారడానికి కాసేపు పడుతుంది, ఆ లోపల ల్యాప్‌టాప్ మూత మూసేసి ఫైలు యాడుందో కనపడక మా దగ్గరికి పరిగెత్తుకొచ్చినోళ్లు ఉన్నారు.

ఇంట్లో నిశ్శబ్దంగా ఉండే రూమూ, ఓపికా ఉన్నోళ్లు ఇంట్లోనే చేసుకోండి, నిజంగా. ఫ్యాన్, కూలర్ ఆపండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఉత్త గోడలున్న హాల్లో కాకుండా పరుపులూ బట్టల బీరువా ఉన్న పడగ్గదిలో కూర్చుంటే గొంతు బావిలో మాట్లాడినట్టు మోగదు. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ మైకు మాత్రం వద్దు. ఎంత ఖరీదువైనా సరే, మైకుగా వాడంగానే అవి ఫోన్ కాల్ క్వాలిటీకి పడిపోతాయి, గొంతు డబ్బాలో నుంచి వచ్చినట్టు వినపడుతుంది. దానికంటే వైరున్న మామూలు ఇయర్‌ఫోన్, లేదంటే కాలర్ మైకు నయం, నోటికి జానెడు దూరంలో.

మరి మీరిచ్చే 800 దేనికంటే, ఒకటి రూముకు. షాపు వెనక స్టోరు ఖాళీ చేసి చేయించినాం. కోడిగుడ్ల అట్టలు కొట్టమని యూట్యూబ్ చూసినోళ్లందరూ చెప్పినారు గానీ బయట ఆటో హారన్‌ను ఆ అట్టలేం ఆపుతాయప్పా. ఆదోని పత్తితో పరుపులు కుట్టించి గోడలకు వేలాడదీసినాం, తలుపుకు రబ్బరు పట్టీ వేయించినాం. లోపల మోగడం పోయింది. రోడ్డు మీది రొద పూర్తిగా పోలేదు, పోదు కూడా, ఆస్పత్రి దగ్గర షాపు పెట్టుకొని అంబులెన్సు రాకూడదంటే ఎట్లా. అందుకే రికార్డింగులన్నీ పొద్దున తొమ్మిది లోపల, లేదంటే రాత్రి ఎనిమిది తర్వాత పెట్టుకున్నాం. ఎండాకాలం లోపల ఫ్యాన్ ఆపితే ఎట్లుంటుందో కర్నూలోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు, రెండు మూడు స్లైడ్లకోసారి తలుపు తీసి గాలి పోసుకుంటాం, అది కూడా టైమే కదా.

రెండోది, వినే మనిషికి. ఎదురుగా మా మరిది హెడ్‌ఫోన్ పెట్టుకొని కూర్చుంటాడు, స్లైడ్ మారేటప్పుడు ఎవరైనా మాట్లాడితే చేయి ఎత్తుతాడు. ఎందుకంటే స్లైడ్ మారే ఆ క్షణంలో పవర్‌పాయింట్ ఏమీ రికార్డు చేయదు, మాటలో మొదటి ముక్క మింగేస్తుంది. స్లైడ్ వచ్చినాక ఒక ఊపిరి ఆగి మొదలుపెట్టాలి, చివర కూడా ఒక ఊపిరి ఆగి తర్వాతి దానికి పోవాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, పేపర్ చూసి గడగడా చదివేవాళ్లకు మరీ కష్టం. చదవడం గురించి ఇంకో మాట, కోపం తెచ్చుకోకండి. మీరు ఇంగ్లీషులో రాసుకొచ్చి వంచిన తల ఎత్తకుండా చదివితే వినేవాళ్లకు నిద్రొస్తుంది. పక్క బెడ్డు పేషెంట్ గురించి మీ ప్రొఫెసర్‌కు చెప్పేటప్పుడు ఎంత బాగా చెప్తారు, అట్ల మా మరిదికి చెప్పండి. వాడికి అర్థం కాదు, అది వేరే సంగతి, కానీ తల బాగా ఊపుతాడు. లెక్క కావాలంటే నిమిషానికి ఒక నూటముప్పై ఇంగ్లీషు పదాలు అనుకోండి, ఎనిమిది నిమిషాలకు వెయ్యి పదాలు దాటితే పరుగే. పదిహేను వందల పదాలు తెచ్చి అన్నా కొంచెం స్పీడు పెంచి సర్దు అంటే వాడేం సర్దుతాడు, మీరే కొట్టేయాలి.

డాక్టర్లకు ముఖ్యంగా. ఎక్స్‌రే మీద, స్కాన్ మీద పేషెంట్ పేరు, ఐపీ నంబరు (ఆస్పత్రిలో చేరినప్పుడు ఇచ్చే నంబరు) ఉంటే క్రాప్ చేసినాం కదా అనుకుంటారు. క్రాప్ చేసిన ముక్క ఫైల్లోనే ఉంటుంది, పీపీటీ ఎవరి చేతికి పోయినా బొమ్మ మీద క్లిక్ చేసి క్రాప్ వెనక్కి లాగితే పేరు మళ్లీ బయటకొస్తుంది. కంప్రెస్ పిక్చర్స్‌లోకి పోయి క్రాప్ చేసిన భాగాలు డిలీట్ చేయమని టిక్ పెడితేనే నిజంగా పోతుంది. వీడియో పంపితే ఈ భయం లేదు గానీ చాలాచోట్ల వీడియోతో పాటు పీపీటీ కూడా అడుగుతారు. మేము ఇది ప్రతి ఫైలుకూ చూస్తాం, చూడమని మీరు చెప్పకపోయినా. మా కంప్యూటర్లో మీ ఫైలు వారం కంటే ఉంచం, ఆ తర్వాత వచ్చి మళ్లీ కాపీ ఇమ్మంటే లేదనే చెప్తాం, పెన్‌డ్రైవ్‌లో జాగ్రత్తగా పెట్టుకోండి.

తెలుగు డిపార్ట్‌మెంట్ వాళ్లకు: అను ఫాంట్లలో (డీటీపీ వాళ్లు వాడే పాత తెలుగు ఫాంట్లు) కొట్టిన స్లైడ్లు మా దగ్గర బాగానే కనపడతాయి, ఎందుకంటే డీటీపీ షాపు కాబట్టి ఆ ఫాంట్లు మా సిస్టంలో ఉన్నాయి. అదే పీపీటీ ఢిల్లీలో తెరిస్తే పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్లోనైనా చదవగలిగే తెలుగులోకి మార్చిస్తాం, పేజీకి ఇంత అని వేరే రేటు, మార్చినాక వత్తులూ పొల్లులూ మీరే ఒకసారి చూసుకోవాలి. ఉర్దూ స్లైడ్లకు కూడా ఇదే తంటా, ఉర్దూ రాసే ఆ నస్తాలీఖ్ (వాలు రాత) ఫాంట్ అవతలి కంప్యూటర్లో లేకపోతే అక్షరం రూపే మారిపోతుంది. వీడియో చేసేస్తే అక్షరాలన్నీ బొమ్మలైపోతాయి కాబట్టి ఏ ఊర్లో తెరిచినా ఒకటే.

ఇంక మేము చేయని పని. మా గొంతు బాగలేదు, షాపులో అమ్మాయితో చదివించండి అంటున్నారు. చేయం. కంప్యూటర్ గొంతు పెట్టేయండి, ఇప్పుడన్నీ ఏఐ కదా అంటున్నారు. అదీ చేయం. డబ్బులు ఎక్కువ ఇస్తామన్నా వద్దు. పేరు మీది, కింద ఫోటో మీది, వీడియోలో ఇంకెవరిదో గొంతు, అది అయిపోంగానే లైవ్‌లో చైర్‌పర్సన్ ప్రశ్న అడిగితే మీ అసలు గొంతు, అప్పుడు మీ మర్యాద ఏం కావాలి. సీమ యాసలో ఇంగ్లీషు మాట్లాడితే తప్పేం లేదు, జపాన్ వాళ్లు జపాన్ యాసలో మాట్లాడతారు, ఎవరూ ఏమీ అనుకోరు.

టైము సంగతి. దయచేసి ఆఖరి రోజు రాకండి, మూడు రోజులు ముందు రండి. రికార్డింగ్ గంట పనే, కానీ తర్వాత మీరు ఇంటికి పోయి విని ఆ నాలుగో స్లైడ్ మారుద్దాం అంటారు, అందరూ అంటారు, ఒకసారి మార్చడం ఈ 800లోనే ఉంది, రెండోసారి నుంచి స్లైడ్‌కు 50. కంప్యూటర్ సైన్స్ వాళ్ల కాన్ఫరెన్సుల్లో డెడ్‌లైన్ పక్కన ఏఓఈ అని ఉంటే కంగారు పడొద్దు, భూమి మీద అన్నిటికంటే చివర రోజు ముగిసే చోటి టైము అది, ఆడ రాత్రి 11:59 అంటే మనకు మర్నాడు సాయంత్రం 5:29. ఆ మిగిలిన టైమంతా మా షాపు ముందర నిలబడి గడపమని కాదు, పెద్ద ఫైలు అప్‌లోడ్ కావడానికి మన నెట్‌కు ఎంతసేపు పడుతుందో మీకు తెలుసు.

వచ్చేటప్పుడు ఫైనల్ పీపీటీ, కాన్ఫరెన్సు వాళ్లు పంపిన మెయిలు రెండూ తెచ్చుకోండి. మెయిల్లో సైజు ఎంత ఉండాలి, ముఖం కావాలా వద్దా, ఫైలుకు పేరు ఎట్ల పెట్టాలి అన్నీ ఉంటాయి, మీరు చదవకపోయినా మేం చదువుతాం. స్లైడ్లు 16:9లో, అంటే ఇప్పటి టీవీ మాదిరి వెడల్పుగా ఉండాలి, పాత సీనియర్ల దగ్గర తీసుకున్న 4:3 టెంప్లేట్ అయితే రెండు పక్కలా నల్ల పట్టీలు పడతాయి. పట్టు చీర, గలగలలాడే గాజులు వద్దు మేడమ్, మైకుకు అన్నీ వినపడతాయి. ఆదివారం పొద్దున మాత్రమే చంటిపిల్లలతో రావచ్చు, ఆ పూట మా అత్తమ్మ షాపులో ఉంటుంది, ఎత్తుకుంటుంది.

ఫీజు కష్టమైన స్కాలర్లు నాతో నేరుగా మాట్లాడండి, కౌంటర్లో అందరి ముందర అడగనక్కర్లేదు. బైండింగ్, పోస్టర్ ప్రింటు రేట్లు మారలేదు.