అన్ని కార్టూన్లనూ ఒకే గాటన కట్టకండి

సంపాదకులకు నమస్కారం.

కార్టూన్లు చూసి పిల్లలు చెడిపోతున్నారంటూ మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. పిల్లలు టీవీ ముందు గడిపే గంటల గురించి రాసినదానితో నాకు పేచీ లేదు. కానీ అరుపులు, కొట్లాటలు తప్ప వాటిలో ఏమీ ఉండదనడం మాత్రం ఒప్పుకోలేను. మగపిల్లల స్నేహం మీద ఈమధ్య నేను చూసినవాటిలో మంచి కథ కార్టూన్‌లోనే దొరికింది.

అది ‘అవతార్: ద లాస్ట్ ఎయిర్‌బెండర్’. 2005 నుంచి 2008 దాకా అమెరికాలో నికెలోడియన్ అనే పిల్లల చానల్ ప్రసారం చేసిన 61 భాగాల సీరియల్. అందులో సొక్కా దక్షిణ ధ్రువపు పల్లె కుర్రాడు. జూకో తండ్రి వెళ్లగొట్టిన అగ్నిరాజ్యపు యువరాజు. ఓడేసుకుని ఆ పల్లె మీదికొచ్చి, అడ్డం నిలబడ్డ సొక్కాను ఒక్క తన్ను తన్ని అవతల పడేస్తాడు. సొక్కా తల్లిని చంపింది కూడా ఆ రాజ్యపు మనుషులే. మొదటి సీజన్ చూసినవాళ్లెవరూ వీళ్లిద్దరికీ పొత్తు కుదురుతుందనుకోరు.

మూడో సీజన్‌లో ‘ది బాయిలింగ్ రాక్’ అని రెండు భాగాలున్నాయి. అప్పటికి సొక్కా పథకం వేసిన దండయాత్ర బెడిసికొట్టి, తండ్రి శత్రువుకు చిక్కాడు. తండ్రిని విడిపించాలని మరిగే సరస్సు నడుమనున్న జైలుకు సొక్కా చెప్పాపెట్టకుండా బయల్దేరబోతే, అప్పటికే వీళ్ల పక్షం చేరిన జూకో తోడు రావడానికి ముందే కాచుకుని ఉంటాడు. పోయిన పరువు తిరిగి తెచ్చుకోవాలనే తపన అతనికి తెలియనిదా! ఇద్దరూ బెలూన్‌లో పోతుంటే మాటలు పెగలవు. తన మొదటి ప్రియురాలు చందమామ అయిపోయిందంటాడు సొక్కా (నిజంగానే అయిపోయింది, కథ అలాంటిది). పాపం, కష్టమే అన్నంత ముక్క అని ఊరుకుంటాడు జూకో. నవ్వొస్తుంది. ఓదార్చడం ఎవరూ నేర్పని పిల్లాడు అంతకన్నా ఏమంటాడు? తీరా జైలు నుంచి బయటపడే దారి దొరికాక, అక్కడ కనబడని నాన్న కొత్తగా తెచ్చే ఖైదీల్లో ఉంటాడేమోనని సొక్కా ఆగిపోతాడు. చేతికందిన అవకాశం వదులుకుని జూకో కూడా ఆగుతాడు.

రాముడూ సుగ్రీవుడూ అగ్నిసాక్షిగా ఒప్పందం చేసుకున్నారు. కర్ణుడి స్నేహంలో అంగరాజ్యం రుణముంది. ఆ రెండు భాగాల్లో ఈ ఇద్దరి మధ్య ప్రమాణాలు లేవు, కౌగిలింతలు లేవు. కలిసి ఒక పని చేశారు, అంతే. మన సినిమాల్లో హీరో స్నేహితుడంటే నవ్వించడానికో, ఇంటర్వెల్ ముందు చచ్చిపోవడానికో తప్ప ఎందుకూ ఉండడు. అందుకేనేమో నాకిది ఇంత నచ్చింది.

మీరు వారం వారం అన్ని సినిమాలకూ సమీక్షలు వేస్తారు. యానిమేషన్ సీరియళ్లకూ ఒక కాలమ్ ఇవ్వండి. తెలుగులోకి డబ్బింగ్ చేసేవారికి ఒక మనవి: బెలూన్‌లో ఇద్దరు కుర్రాళ్లు మాటల్లేక కూర్చుంటే అక్కడ పంచ్ డైలాగులు దూర్చకండి. ఏ సీరియల్ ఏ వయసువారికి తగునో, దేన్ని పెద్దలు పక్కనుండి చూపించాలో మీరు రాస్తే, రిమోట్ లాక్కోవడం తప్ప వేరే దారి తోచని తల్లిదండ్రులకు పనికొస్తుంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, తెనాలి